ఇంటి ఓనరు గారి వర్ణపటదర్శిని

ప్రపంచంలోని ఖగోళ శాస్త్రవేత్తలందరికీ విన్నపం. పెద్ద పెద్ద దూరదర్శినుల మీద డబ్బులు తగలేసుకోకండి. హనుమకొండకొచ్చి, టులెట్ బోర్డున్న ఏ గేటు ముందైనా పావుగంట నిలబడండి.

మీ తిప్పలు మాకు తెలియనివి కావు. గోళాకార నక్షత్రగుచ్ఛమొకటి, అంటే బంతిలా ముద్దగట్టిన చుక్కల గుంపు, పాలపుంత గురుత్వానికి చిక్కి చెదిరిపోతుంది. దాని చుక్కలు సన్నటి ధారగా ఆకాశంలో సాగుతాయి. పాలోమార్-5 అనే గుచ్ఛం తోకలు 2001లో బయటపడ్డాయి, జీడీ-1 ధార 2006లో. అందులో ఏ చుక్క ఆ గుచ్ఛానిది, ఏది దారినపోయేది? వర్ణపటదర్శినితో చుక్క వెలుగును రంగులుగా విడదీసి, అందులో ఏ మూలకం ఎంతుందో లెక్కలు కడతారు. ఒకే గుచ్ఛంలో పుట్టినవైతే ఇనుము దాదాపు ఒకే పాళ్లలో ఉంటుంది. కొన్నింట్లో మాత్రం సోడియం పెరిగి ఆక్సిజన్ తగ్గుతుంది. ఇంత చేసీ చివరికి 'బహుశా' అని రాస్తారు.

మా ఓనరు గారి దగ్గర బహుశాలు నడవవు. మిత్రుడి బిడ్డకు గది చూపిద్దామని తీసుకెళ్లాను.

"ఇంటిపేరేంది బిడ్డా?"

ఇది ఇనుము. చెప్పింది. ఆ ఇంటిపేరు నాలుగు కులాల్లో ఉంది, పాపం తేలలేదు.

"ఏ ఊరు?"

పరకాల దగ్గర.

"ఊర్ల ఏ వాడ? బొడ్రాయి దిక్కా, అటు చివరికా?"

ఇది సోడియం.

"నాయిన ఏం జేస్తడు? పండుగలెట్ల జేస్తరు?"

లోపల్నుంచి అమ్మగారు: "ముక్క తింటరేమో అడుగుండ్రి."

పొద్దున కొన్న మటన్ సంచి ఆయన గేటు కొక్కేనికే వేలాడుతోంది. అయినా అడిగారు. కులం అన్న మాట మాత్రం నోట రానియ్యలేదు. చదువుకున్న మనిషి, పింఛనుదారు. "మా చుట్టాలొచ్చేదుంది బిడ్డా, ఇల్లు ఇయ్యట్లే" అన్నారు.

2020లో ఫీనిక్స్ ధారను పరీక్షిస్తే, సూర్యుడిలో ఉన్నదాంట్లో ఇనుము ఐదువందలో వంతే తేలింది. గుచ్ఛాల్లో ఇంతకు తగ్గదనుకున్న హద్దుకు కిందికే పోయింది. 2022లో సీ-19 ధార ఇంకా కిందికి దిగింది, దాదాపు రెండున్నర వేలో వంతు. శాస్త్రవేత్తలు ఆ చుక్కల్ని బయటికి పొమ్మనలేదు. తమ హద్దునే అనుమానించారు.

నువ్వు దేన్ని అనుమానించావయ్యా? చుక్కలోనైతే నిజంగానే సోడియం ఉంది. ఈ పిల్లలో ఏం దొరుకుతుందని తవ్వావు? అడ్వాన్సు చేతిలో పట్టుకొని నిలబడ్డ నర్సు ఆమె. కరోనాలో సొంత కొడుకులు దగ్గరికి రాని ముసలోళ్ల మూత్రం సంచులు మార్చిన చేతులవి. అప్పుడెవడికీ బొడ్రాయి యాదికి రాలేదేం? సిగ్గుండాలె.

ఆమె ఇప్పుడు కాజీపేటలో ఒక హాస్టల్లో, ముగ్గురితో ఒక్క గదిలో ఉంటోంది. నైట్ డ్యూటీకి ఆటో దొరకడమే గగనం.

ఓనరు గారికి ఈమధ్య షుగర్ పెరిగింది. పొద్దునా రాత్రీ ఇంటికొచ్చి ఇన్సులిన్ సూది వేసిపోయే నర్సు ఎవరైనా ఉంటే చూడమని నాకే ఫోన్ చేశారు. ఏ ఊరి పిల్లయినా పర్వాలేదట.