జపనీయుల ‘ని’ ప్రత్యయానికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘ని’ ప్రత్యయం గారికి, నమస్కరించి వ్రాయునది.

‘నిన్, నున్, లన్, కూర్చి, గురించి – ద్వితీయా విభక్తి’ అని బడిలో వల్లెవేసిన తెలుగువాళ్లకు పరాయి భాషలో మీరు ఎదురైతే సొంత ఊరి బస్సు కనిపించినంత ధైర్యం వస్తుంది. ఆ ధైర్యంతోనే ‘అమ్మని ఏడిపించాను’ అనడానికి ‘హహ ని నకసెత’ అని రాసి, పరీక్ష కాగితం నిండా ఎర్రసిరా పూయించుకున్నాను. మా ‘ని’ చేసే పనిని మీ దేశంలో ‘ఓ’ చేస్తుందని, మీరు మా ‘కి’కి దగ్గరి చుట్టమని అప్పుడు తెలిసింది. (మాకు ‘ఓ’ అంటే వీధి చివర పోతున్నవాణ్ని ఆపే కేక.) పేరు చూసి మోసపోవడం నా తప్పే కనుక దాన్ని వదిలేస్తున్నాను, నా ఫిర్యాదు మీ నడవడి మీద.

వ్యాకరణ పుస్తకాలలో మీకున్న పేరు సామాన్యమైనది కాదు. ‘కొదొమొ ఓ ఇకసెరు’ అంటే పిల్లవాడి ఇష్టంతో పనిలేకుండా వాణ్ని పంపించడమనీ, అదే చోట ‘ఓ’ను లేపి మిమ్మల్ని కూర్చోబెట్టి ‘కొదొమొ ని ఇకసెరు’ అంటే సాధారణంగా వాడి ఇష్టాన్ని మన్నించి వెళ్లనివ్వడమనీ చెబుతారు. ‘పంపించు’, ‘వెళ్లనివ్వు’ అని మేము క్రియనే మార్చి తేల్చుకునే ఈ తగవును మీ దగ్గర ఒక్క అక్షరం తీర్చాలి. పువ్వుకు ఇష్టాయిష్టాలు ఉండవు కాబట్టి దాన్ని పూయించేటప్పుడు మీరు దరిదాపులకు రారు. ‘హన ఓ సకసెరు’ అనవలసిందే. ఏడుపు కూడా అనుమతి అడిగి వచ్చేది కాదు కనుక మా అమ్మ దగ్గరికీ రాలేదు. ఇంతవరకు మీ మర్యాదకు వంక పెట్టలేము.

సకర్మక క్రియ ఎదురుపడగానే ఆ మర్యాద ఏమవుతుందో మీరే చెప్పాలి. ‘కొదొమొ ని యసాయ్ ఓ తబెససెరు’ అన్నప్పుడు, కూరగాయలు వద్దని మొరాయించే పిల్లవాడిని కూర్చోబెట్టి తినేలా చేసినా, వాడు కావాలంటే తిననిచ్చినా, చివరకు ముద్ద కలిపి నోట్లో పెట్టినా, వాడి పక్కన ఉండేది మీరే. మేము ‘పిల్లవాడికి తినిపించాను’ అంటే ముద్ద పట్టిన చెయ్యి మాది, ‘పిల్లవాడిచేత తినిపించాను’ అంటే చెయ్యి వాడిది. మీకు చెయ్యి ఎవరిదైనా ఒకటే. ఎందుకంటే ఇక్కడ మిమ్మల్ని తెచ్చింది దయాదాక్షిణ్యం కాదు, కుర్చీల కొరత: ‘ఓ’ను కూరగాయలు ముందే పట్టుకున్నాయి, ఒక క్రియ ముందు రెండు ‘ఓ’లను మీ వాళ్లు సహించరు. పిల్లవాడిని వంతెన దాటించేటప్పుడు కూడా అంతే. ఆ క్రియ అకర్మకమేనని పుస్తకాలు ఎంత చెప్పినా, ‘ఓ’ వంతెనకు పోయింది కాబట్టి పిల్లవాడికి మీరే గతి.

అసలు బాధ ఇంకా చెప్పనేలేదు. విభాగాధిపతి తన కిందివాడిచేత తాగించాడనడానికి ‘బుక ని సకె ఓ నొమసెత’ అంటారు. ఇక్కడ మీరు బాధితుడి పక్షం. మర్నాడు తలనొప్పితో ఆ బాధితుడు, తనచేత తాగించారని వాపోతూ ‘బుచో ని సకె ఓ నొమసరెత’ అంటే, మీరు రాత్రికి రాత్రే పార్టీ ఫిరాయించి తాగించినవాడి పక్కన నిలబడి ఉంటారు! ఫిరాయింపులు మాకు కొత్త కాదు గాని, మా దగ్గర కనీసం కండువా మారుతుంది.

ఇక, దుకాణం మూసి ‘క్యూగ్యో ససెతె ఇతదకిమసు’ అని, అంటే ‘సెలవు తీసుకోవడానికి అనుమతి పొందుతున్నాము’ అని, కాగితం అంటించేవారి సంగతి. అనుమతి ఇచ్చిన మహానుభావుడు ఎవరో చెప్పాలంటే ఆయన పక్కన మీరుండాలి. తాళం చూసి వెనుదిరిగే కొనుగోలుదారును ఎవరూ అడగలేదు, కాగితం మీద మీరూ లేరు.

నేనూ ఆ పద్ధతిలోనే సెలవు తీసుకుంటాను: ‘ఫుదె ఓ ఒకసెతె ఇతదకిమసు’, కలం కింద పెట్టడానికి అనుమతి పొందుతున్నాను. ఎవరి అనుమతితోనో రాయలేదు. రాస్తే మిమ్మల్ని పిలవాలి.

ఇట్లు,
ఎర్రసిరా బాధితుడు