గుర్రానికి తెలుసా నీ బాధ?

నాన్న పోయి పది నెలలు. అమ్మ రిటైరై ఆరు నెలలు. ఇప్పుడు ఆదివారం వస్తే చాలు, మొయినాబాద్ వైపు ఒక గుర్రాల శాలకు వెళ్తోంది. మొన్న భోజనాల దగ్గర పెద్దమావయ్య దీని మీదే పడ్డాడు. నేను అమ్మ పక్షమే. అయినా ఆయన మాటలు తగ్గించి రాయలేదు.

మావయ్య: ఈ వయసులో గుర్రమెక్కి పడితే? తుంటి విరిగితే ఎవరు చేస్తారు?

అమ్మ: ఎక్కట్లేదు అన్నయ్యా. ఒళ్లు తోముతున్నాను.

మావయ్య: డబ్బు కట్టి మరీ చాకిరీ!

అమ్మ: చాకిరీయే. పలకరింపుకొచ్చిన ప్రతివాళ్లూ ధైర్యంగా ఉండమన్నారు, నేను తలూపాను. అక్కడ తలూపితే కుదరదు. అది మలక్‌పేటలో రేసులాడి నాలాగే రిటైరైన గుర్రం. మొదటిరోజు బ్రష్ పట్టుకుని గబగబా దగ్గరికెళ్తే చెవులు వెనక్కి అణిచేసి పక్కకి జరిగింది. "అమ్మా, ముందు మీరు నిదానించండి" అన్నాడు అక్కడి కుర్రాడు. మెడ దగ్గర మొదలుపెట్టి, వెంట్రుకలు వాలిన వైపే తోమాలట. కాసేపటికి తల దించింది, కింది పెదవి వేలాడేసింది, ఒక వెనక్కాలు గిట్ట కొన మీద ఆన్చి నిలబడింది. నా భుజాలు ఎప్పుడు దిగాయో నాకే తెలీదు. గిట్టల్లో ఇరుక్కున్న రాళ్లు కొక్కెంతో తీస్తుంటే వేరే ఆలోచన రాదు. ఆ గంటసేపు నన్నెవరూ జాలిగా చూడరు.

మావయ్య: నీ కంగారు చూసి తనకేదో ముప్పనుకుంది, అంతే. పులులకు ఆహారమయ్యే జాతి అది. నీ బాధ దానికేం తెలుసు? ఊరట నీకు, పలుపు దానికి. దాన్నెవరైనా అడిగారా?

అమ్మ: (కాస్త ఆగి) అడగలేదు. నిజమే. కానీ డెన్మార్క్‌లో లిస్ హార్టెల్ అని ఒకావిడ ఉండేది. 1944లో పోలియోతో మోకాళ్ల కింద చచ్చుబడిపోయాయి. ఎవరో ఎక్కిస్తే తప్ప గుర్రమెక్కలేదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మగాళ్లతో పోటీపడి వెండి పతకం తెచ్చుకుంది.

మావయ్య: ఆవిడ పోలియో రాకముందే చాంపియన్. నువ్వు గుర్రాన్ని ముట్టుకుందెప్పుడు?

అమ్మ: రాజమండ్రిలో నాన్న జట్కా గుర్రానికి ఉలవలు నానబెట్టిందెవరు?

మావయ్య: నేను!

అమ్మ: నువ్వా! బెల్లంముక్క నోట్లో వేసుకోడానికి వచ్చేవాడివి.

మావయ్య: సరే, నువ్వే. మరి ముసలి గుర్రానికి కడుపునొప్పొస్తే కక్కలేదు కూడా. రాత్రికి రాత్రే పోతుంది. అదీ అలాగే పోయిందిగా.

అమ్మ: పోవడమేంటి? ఆటోలొచ్చాయని అమ్మేశారు కదా.

మావయ్య: నీకలా చెప్పాం. పదో క్లాసు పరీక్షలని...

అమ్మ: మండపేట నుంచి ఎవరో వచ్చి కొన్నారన్నావు. ఆయన పేరు కూడా చెప్పావు.

మావయ్య: ఏదో నోటికొచ్చింది.

అమ్మ: మండపేట మీదుగా బస్సెక్కినప్పుడల్లా కిటికీలోంచి జట్కాలే చూశాను అన్నయ్యా.

మావయ్య: అందుకే చెప్తున్నా. ఇదీ పోతే మళ్లీ ఏడుస్తావు.

అమ్మ: ఏడుస్తాను. ఎవరూ మండపేట కబుర్లు చెప్పక్కర్లేదు. ఈ ఆదివారం నీళ్లతొట్టి కడిగే వంతు నాది.