ఆరు కిలోల దేవుడికి నలభై కిలోల రథం

దేవుడు మూరెడున్నా రథం మాత్రం మేడంత ఉండాలన్నది మన ఆలయాల సంప్రదాయం. ఉత్సవ విగ్రహాన్ని ఒక్క పూజారి రెండు చేతులతో ఎత్తుకుని రాగలడని తెలిసినా, దాన్ని ఊరేగించడానికి ఊరంతా మోకులు పట్టుకుని లాగవలసిందే. అందులో భక్తి ఉంది, వేడుక ఉంది, కాబట్టి నాకు దాని మీద ఏ ఫిర్యాదూ లేదు. నా ఫిర్యాదల్లా ఆ సంప్రదాయాన్ని ఉప్పల్ అవతల ఉన్న తన ఇంటి గ్యారేజీలోకి తెచ్చి, 6 కిలోల వెల్డింగ్ మెషీనుకు 40 కిలోల బండి కట్టి, దాన్ని చూసి తరించడానికి దసరా పూట నన్ను సకుటుంబంగా భోజనానికి పిలిచిన మా తోడల్లుడి మీద.

పాతకాలం వెల్డింగ్ మెషీనుకు చక్రాలుండేవంటే అర్థముంది. ఇనుప రేకుల దొంతర మీద లావుపాటి తీగ చుట్టిన ఆ ట్రాన్స్‌ఫార్మరును ఇద్దరు మనుషులు పట్టినా కదిలించడం కష్టంగా ఉండేది. కొన్నింటిలో వేడి తగ్గడానికి నూనె కూడా నిండి ఉండేది. ఇన్వర్టర్ మెషీను వచ్చాక ఆ బాధ తీరింది. ఇంటికి వచ్చే 50 హెర్ట్జ్ కరెంటును లోపలి ఎలక్ట్రానిక్ స్విచ్చులు వేల హెర్ట్జ్‌లకు మార్చేస్తాయి కాబట్టి చిన్న ట్రాన్స్‌ఫార్మరే సరిపోతుంది. అలా 200 ఆంపియర్ల మెషీను పెద్ద టిఫిన్ క్యారియర్ అంత పరిమాణానికి దిగివచ్చింది. పైన పిడి, ఆ పిడికి భుజాన తగిలించుకునే పట్టీ కూడా అమర్చి, ‘నాయనా, ఇక నీ ఇష్టమొచ్చిన చోటికి మోసుకుపో’ అని తయారీదారులు చేతులు జోడించారు. మా తోడల్లుడు పెట్టె విప్పగానే చేసిన మొట్టమొదటి పని ఆ పట్టీని ఊడదీసి చెత్తబుట్టలో వేయడం. బండి పై అరలో అది అడ్డం వస్తుందట. చారాణా కోడికి బారాణా మసాలా అని హైదరాబాదులో ఊరికే అనలేదు గానీ, ఆ సామెతలో కనీసం కోడిని వండుతారు.

‘ఇంతకీ ఈ మెషీనుతో ఏం చేశావు?’ అని అడిగాను.

‘బండి చేశాను కదా అన్నయ్యా.’

‘మరి బండితో?’

‘దాని మీద మెషీను పెట్టాను.’

తర్కశాస్త్రంలో దీన్ని అన్యోన్యాశ్రయ దోషం అంటారు. బండి పుట్టాలంటే మెషీను కావాలి, మెషీను నిలవాలంటే బండి కావాలి. ఈ రెండూ ఒకదానికొకటి సేవ చేసుకుంటూ, లోకంలో మూడో వస్తువు జోలికి పోకుండా కలకాలం కాపురం చేస్తాయి. మూడు నెలల్లో ఆ గ్యారేజీలోంచి మరొక్క ఇనుప వస్తువు బయటికి రాలేదు. వంటింటి కిటికీ గొళ్లెం ఊడిపోయి ఏడాదైందని, గుడ్డపీలికతో కట్టుకుంటున్నామని మా మరదలు పక్కనుంచి అందించింది గానీ, విశ్వకర్మ దానిని విననట్టే ఊరుకున్నాడు.

బండి కొలతలను ఆయన శ్లోకంలా అప్పజెప్పాడు. 2 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, 30 అంగుళాల ఎత్తు. దీనిని ఆయన ‘కాంపాక్ట్’ అంటున్నాడు. చట్రానికి 2 మిల్లీమీటర్ల మందం ఉన్న 25 మిల్లీమీటర్ల స్క్వేర్ పైపు 20 అడుగులవి రెండు, అంటే 17 కిలోలు. మూడు అరలకు 3 మిల్లీమీటర్ల రేకు మరో 19 కిలోలు. చక్రాలూ, కొక్కేలూ, గొలుసులూ కలిసి మిగిలిన భారం నింపాయి. మీటలు కంటికి ఎదురుగా కనబడాలని పై అరను వెనక్కి 15 డిగ్రీలు వాల్చాడు. ఈ ఒక్క పని నిజంగా బాగుందని ఒప్పుకుంటున్నాను, దానిని వాల్చింది ఆయనేనా వెల్డింగేనా అన్నది మాత్రం తేలలేదు. ఈ కాంపాక్ట్ వాహనం అటూ ఇటూ తిరగడానికి చోటు చాలక, అసలు ఎవరి కోసం ఆ గ్యారేజీ కట్టారో ఆ కారు వీధిలో వేపచెట్టు కింద కాకుల పాలైంది.

మొదటి ప్రయత్నం జింకు పూత పూసిన జీఐ పైపుతో జరిగిందట. తుప్పు పట్టదు కదా అని తెచ్చి, పూత గీకకుండా, షట్టరు దించుకుని వెల్డింగ్ చేస్తే, జింకు కాలిన తెల్లటి పొగ ఊపిరితిత్తుల్లోకి పోయి ఆ రాత్రే చలిజ్వరం పట్టుకుంది. ఇనుప షెడ్డుల్లో పనిచేసేవాళ్లకు పరిచయమైన జ్వరమే అది. కొన్ని గంటల్లో వణికిస్తుంది, ఒకటి రెండు రోజుల్లో దానంతట అదే పోతుంది. ఆసుపత్రిలో మాత్రం డెంగీ నుంచి టైఫాయిడ్ దాకా అన్ని పరీక్షలూ చేయించారు. ‘ఆ బిల్లుతో రెండు బండ్లు వచ్చేవి బావగారూ’ అని మా మరదలు కూర వడ్డిస్తూ అంది.

రెండో ప్రయత్నంలో మామూలు పైపు వచ్చింది. వెల్డింగ్ చల్లారేటప్పుడు ముడుచుకుంటూ మూలను తన వైపు లాగేస్తుందనీ, అందుకే పనివాళ్లు ముందు అన్ని మూలలా ట్యాకులు, అంటే నిలబెట్టడానికి సరిపడా చిన్న చిన్న అతుకులు వేసి, మూలమట్టం పెట్టి, రెండు కర్ణాలూ టేపుతో కొలిచి, అవి సమానమని తేలాక ఎదురెదురు మూలలను మార్చి మార్చి పూర్తి చేస్తారనీ, గేట్లు చేసే ఏ షెడ్డు ముందు ఐదు నిమిషాలు నిలబడినా తెలుస్తుంది. మా తోడల్లుడు ఒక మూల మొదలుపెట్టి ప్రదక్షిణంగా ముగించాడు. కాబట్టి ఆ బండికి చక్రాలు నాలుగే అయినా నేలకు ఆనేవి మూడే. నాలుగోది అరంగుళం ఎత్తున గాలిలో సుఖంగా తిరుగుతూ ఉంటుంది. బ్రేకు ఉన్న చక్రం ఖరీదెక్కువని ఒకటే కొన్నాడు. అది ఏ మూలకు బిగిసిందో పాఠకులు ఈపాటికి ఊహించే ఉంటారు.

ఆయుధపూజ ముహూర్తానికి రథానికి పసుపు పూశారు, కుంకుమ పెట్టారు, బంతిపూల దండ వేశారు. మా తోడల్లుడు పట్టుపంచె కట్టుకుని నాలుగు చక్రాల ముందూ నాలుగు నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, బండిని ముందుకు నెట్టాడు. మూడు నిమ్మకాయలు చితికాయి. నాలుగోది చెక్కు చెదరకుండా దొర్లుకుంటూ పోయి మా అత్తగారి పాదాల దగ్గర ఆగింది. ‘ఇదేమిటి నాయనా, ఒకటి మిగిలింది?’ అని ఆమె అడుగుతూ ఉండగానే, దేవుడికి అసలు బయలుదేరాలన్న కోరిక కలిగింది. గ్యారేజీ కడిగిన నీళ్లు వీధిలోకి పోవాలని మేస్త్రీ గచ్చుకు గేటు వైపు వాటం ఇచ్చాడు. రథం ఆ వాటం పట్టుకుంది. మా తోడల్లుడు పరుగెత్తి కాలితో బ్రేకు తొక్కాడు, గాలిలో తిరుగుతున్న చక్రం విధేయంగా ఆగిపోయింది, మిగిలిన మూడూ ఆగలేదు. బంతిపూల దండతో, వెలుగుతున్న అగరువత్తులతో, వెనక పట్టుపంచె కుచ్చిళ్లు ఎత్తి పట్టుకున్న యజమానితో ఆ రథోత్సవం గేటు దాకా సాగి, ఇనుప గేటును ఢీకొని ముగిసింది. ముందు కాలు ఒకటి ఊడి చేతికి వచ్చింది. చూస్తే వెల్డింగ్ పైపైన పేరిందే తప్ప లోపలి ఇనుమును పట్టుకోనే లేదు, అతుకు నిండా స్లాగ్, అంటే రాడ్డు పూత కాలి మిగిలిన చిట్టెం.

ఈ గందరగోళంలో కూడా బండి వెనక అర మీద ఉన్న సిలిండర్ కదలలేదు. సిలిండర్ అని ఆయన పిలుస్తున్నది 20 లీటర్ల మంచినీళ్ల క్యానును. రాడ్డుతో చేసే వెల్డింగుకు గ్యాసు అక్కర లేదు, రాడ్డు పైపూతే కాలి కావలసిన గ్యాసును పుట్టిస్తుంది. కానీ ముందు ముందు గ్యాసు సిలిండరు కావలసిన మిగ్ రకం మెషీను కొంటే చోటుండాలి కదా అని అరను ఇప్పుడే కట్టి, ఖాళీగా ఉంటే బాగుండదని నీళ్ల క్యాను నిలబెట్టి, పైన ఒకటి, కింద ఒకటి గొలుసులు బిగించాడు. 150 బార్ల ఒత్తిడితో నిండిన నల్ల ఆక్సిజన్ సిలిండర్లు టోపీ లేకుండా, తాడు లేకుండా ట్రాలీ ఆటోలో ఒకదాని మీద ఒకటి దొర్లుతూ మన రోడ్ల మీద పోతుంటాయి. వాల్వు విరిగితే సిలిండర్ రాకెట్టే. గొలుసు భాగ్యం నీళ్లకు దక్కింది.

పట్టుపంచెతో నిప్పు ముట్టుకోకూడదు గనుక, పైగా తాను ‘డిజైన్ సైడ్’ గనుక, మా తోడల్లుడు వీధి చివరి షెడ్డుకు ఫోన్ చేసి ఒక కుర్రవాణ్ణి రప్పించాడు. పద్దెనిమిదేళ్లుంటాయేమో. షెడ్డులో పనిముట్లన్నీ పూజలో ఉన్నాయి సార్, ఈ రోజు ముట్టుకోకూడదు అన్నాడు. ‘మన మెషీనుంది కదా’ అన్నాడు ఈయన. ఆరు వందలన్నాడు కుర్రవాడు. నాలుగు వందలన్నాడు రథకర్త. కుర్రవాడు చెప్పులతోనే గొంతుకూర్చుని, మెడలోని తువ్వాలును ముక్కుకు చుట్టుకుని, పాత వెల్డింగును గ్రైండరుతో తీసేసి, కాలును ఆనించి చూసుకుని, కళ్లు మూసుకుని ముఖం పక్కకు తిప్పి రాడ్డు అంటించాడు. నిమిషం పట్టలేదు. నాలుగు చక్రాలూ నేలకు ఆనాయి.

ఈ సమయమంతా బండికి ప్రత్యేకంగా వెల్డ్ చేసిన కొక్కేనికి ఒక హెల్మెట్ వేలాడుతూనే ఉంది. మూడు వేలు పెట్టి కొన్నది. రాడ్డు కొసన ఆర్క్, అంటే కరెంటు మెరుపు, వెలగగానే దాని అద్దం సెకనులో 25 వేలవ వంతులో తనంతట తానే నల్లబడుతుంది. ‘అది ఇవ్వరాదా ఆ పిల్లవాడికి?’ అన్నాను. ‘సెట్టింగు మారిపోతుంది అన్నయ్యా. వాళ్లకు అలవాటే.’

అలవాటట! ఇక్కడి నుంచి వేళాకోళం నా చేత కావడం లేదు, పాఠకులు మన్నించాలి. కంటిపొరకు అలవాటు ఉండదు. ఆర్క్ వేడి సూర్యుడి ఉపరితలాన్ని మించుతుంది, అందులోంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు కంటిని అప్పుడే కాల్చినా నొప్పి మాత్రం గంటలు గడిచాక, మనిషి ఇంటికి పోయి పడుకున్నాక మొదలవుతుంది. కళ్లలో గుప్పెడు ఇసుక పోసి రుద్దినట్టు ఉంటుంది. బంగాళాదుంప చక్రాలు కళ్ల మీద పెట్టుకుని తెల్లవార్లూ దొర్లి, పొద్దున్నే మళ్లీ పనిలోకి పోతారు, పోకపోతే ఆ రోజు కూలి ఉండదు. వెల్డింగ్ పొగనూ, ఆ కిరణాలనూ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2017లో క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో పెట్టింది, పొగాకు పొగ ఉన్నది అందులోనే. నల్ల అద్దం బిగించిన చేతి డాలు ఖరీదు, ఈ బండికి వేయించిన పసుపురంగు పౌడర్ కోటింగు ఖర్చులో పదో వంతు ఉండదు. షెడ్డు యజమాని కొనడు, పని చేయించుకునేవాడు అడగడు, ఉన్నవాడు కొక్కేనికి వేలాడదీసి ఇవ్వడు, రెండు వందలు తగ్గించుకున్నామని సంబరపడతాడు. నేను మాత్రం ఏం చేశాను? ఒక్కసారి అడిగి, ఆయన కాదనగానే, చేతిలో ఉన్న బొబ్బట్టు చల్లారుతోందని తినడం మొదలుపెట్టాను.

‘ఎలాగూ వచ్చావు కాబట్టి, పైన ట్యాంకు నిచ్చెనకు ఒక మెట్టు ఊడింది, అదీ అంటించి పో’ అన్నాడు మా తోడల్లుడు, ఆ నాలుగు వందల్లోనే. డాబా మీదికి రెండంతస్తుల మెట్లు. రథం మెట్లెక్కదు. కుర్రవాడు బండినీ మెట్లనూ ఒకసారి చూసి, ‘దీనికి పట్టీ రాలేదా సార్?’ అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు. ముక్కుకు చుట్టుకున్న తువ్వాలు విప్పి, మెషీను పిడిలోంచి దూర్చి ముడివేసి, భుజాన తగిలించుకుని, కేబుళ్లు మెడలో వేసుకుని చకచకా ఎక్కిపోయాడు. మా తోడల్లుడు ఖాళీ బండి మీద చేయి వేసి నిలబడి, ‘జాగ్రత్త, సున్నితమైన మెషీను’ అని కింది నుంచి అరిచాడు.

కాసేపటికి డాబా మీద నీలిమెరుపులు మొదలయ్యాయి. మా మరదలు వాకిట్లోకి పరుగెత్తుకొచ్చి, ఆడుకుంటున్న పిల్లలను లోపలికి లాగుతూ, ‘అటు చూడకండర్రా, కళ్లు పోతాయి!’ అని కేకేసింది.