కొంచెం ఆడుతుంది, అంతే

మినీ ట్రాక్టర్ స్టీరింగ్ లూజైతే చేయగలిగినవి రెండే. ఒకటి బిగించడం, రెండోది అలవాటు చేసుకోవడం. మొదటిదానికి పానా కావాలి. రెండోదానికి ఏమీ అక్కర్లేదు. అందుకే అనుభవజ్ఞులంతా రెండోదానికే ఓటేస్తారు.

ఈ జ్ఞానం నాకు మొన్ననే కలిగింది. ఒక పూట పనికి తన బండి ఇస్తూ మిత్రుడు తాళం చేతిలో పెట్టి, "స్టీరింగ్ కొంచెం ఆడుతుంది. అలవాటైతే ఏం తెలీదురా" అన్నాడు. ఎక్కి చూస్తే ఆ కొంచెం జానెడుంది. చక్రం అటూ ఇటూ ఊగుతుంటే ముందు టైర్లకు కబురే అందడం లేదు. పైకి లాగితే పైకొస్తోంది, పక్కకి నెడితే పక్కకి వాలుతోంది. ఎవరేమన్నా తలూపే మొహమాటస్తుణ్ణి తెచ్చి స్టీరింగ్ ఉద్యోగంలో పెట్టినట్టుంది.

అప్పుడు శిక్షణ మొదలైంది.

"కుడికి పోవాలా? మలుపు రాకముందే తిప్పడం మొదలెట్టు. ఓ చోట టక్‌మంటుంది. టక్ వచ్చాకే అసలు తిరగడం. అది రాకపోతే కంగారుపడకు, వస్తుంది. తిన్నగా పోవాలంటే మాత్రం కదలకుండా పట్టుకోకూడదు, ఊపుతూనే ఉండాలి. గతుకుల్లో దాని మానాన దాన్ని వదిలెయ్. రివర్సులో టక్ రెండుసార్లు వస్తుంది, మొదటిదాన్ని నమ్మకు. ఇంకోటి, దిగేటప్పుడు స్టీరింగ్ పట్టుకుని దిగకు."

"ఏం?"

"ఓసారి నాతోపాటే దిగింది."

ఇంజను నడుస్తూనే ఉందట. ఈయన నేలమీద, చేతిలో స్టీరింగ్, ఎదురుగా ట్రాక్టర్. మళ్లీ ఎక్కి, చక్రం కూర్చునే కడ్డీకి, అంటే షాఫ్టుకు తగిలించి, అరచేత్తో రెండు దెబ్బలు వేసి పని పూర్తి చేసుకొచ్చాడట. ఇదంతా పెంపుడు పిల్లి అల్లరి చెప్పినంత మురిపెంగా చెప్పాడు. పాఠం ముగిసేసరికి 40 నిమిషాలైంది. చక్రం మధ్యలో ఉన్న మూత ఊడదీసి, కిందున్న నట్టు బిగించడానికి 10 నిమిషాలు చాలు. కానీ అందులో విద్య ఏముంది?

అసలు కంపెనీయే ఒప్పుకుంది అని కూడా వాదించాడు. నిజమే, స్టీరింగ్‌కు కొంత ఆట ఉండాల్సిందే. కొన్ని మినీ ట్రాక్టర్ల మాన్యువల్‌లో చక్రం అంచు దగ్గర కొలిస్తే 20 నుంచి 50 మిల్లీమీటర్ల దాకా ఫరవాలేదని రాసి ఉంటుంది. జానెడంటే దాదాపు 230 మిల్లీమీటర్లు. మాన్యువల్ వేలెడు ఇస్తే మావాడు జానెడు తీసుకున్నాడు.

ఇలాంటి బండిలో చక్రం తిప్పడమంటే అర్జీ పెట్టుకోవడమే. అర్జీ ముందు నట్టు దగ్గరికి వెళ్తుంది. నట్టు వదులైతే చక్రం తిరుగుతుంది గానీ షాఫ్టు సెలవులో ఉంటుంది. అక్కడ గట్టెక్కితే షాఫ్టు పళ్లు, అవి అరిగి ఉంటే ఫైలు జారి కింద పడుతుంది. తర్వాత పళ్ల చక్రాలుండే స్టీరింగ్ బాక్సు, ఆ తర్వాత బాక్సు మాటను ముందుకు మోసే కడ్డీ డ్రాగ్ లింకు, రెండు టైర్లనూ కలిపే కడ్డీ కొసల్లోని జాయింట్లు, అంటే టై రాడ్ ఎండ్లు, చివరికి టైరు ఇరుసు తిరిగే పిన్ను చుట్టూ ఉండే గొట్టాలు, అంటే కింగ్‌పిన్ బుష్‌లు. తలా ఒక మిల్లీమీటరు మామూలు తీసుకుని పంపేసరికి మలుపు వెనకబడిపోతుంది. ఏ బల్ల దగ్గర ఆగిందో తెలుసుకోవడం బ్రహ్మవిద్యేం కాదు. ఒకరు పైన కూర్చుని చక్రాన్ని కొద్దికొద్దిగా అటూ ఇటూ తిప్పాలి, ఇంకొకరు పక్కనుంచి ఒక్కో జాయింటూ చూడాలి. ఇటువైపు కడ్డీ కదిలి అటువైపుది కదలకపోతే దొంగ దొరికినట్టే. హైడ్రోస్టాటిక్ స్టీరింగైతే చక్రానికీ టైర్లకూ మధ్య కడ్డీల చుట్టరికమే ఉండదు, మాట మోసేది నూనె. అక్కడ ముందు నూనె మట్టం, లైన్లో గాలి చూసుకోవాలి. పైనున్న నట్టు మాత్రం దానికీ ఉంటుంది, అదీ వదులవుతుంది.

ఇంత సులువుగా తేలిపోతే మనవాళ్ల ప్రతిభ ఏం కావాలి? అందుకే ఒకరు షాఫ్టు పళ్ల మధ్య డబ్బారేకు ముక్క దోపుతారు. అది వారం గట్టిగా ఉంటుంది, ఆ వారంలోనే మిగిలిన పళ్లను కూడా నమిలేస్తుంది. ఇంకొకరు గుడ్డపీలిక చుడతారు. మరొకరు స్టీరింగ్ బాక్సు మీద సర్దుబాటు స్క్రూ కనబడగానే దాన్ని చివరికంటా బిగించేస్తారు. అప్పుడు ఆట పోతుంది, దాంతోపాటు చక్రం తిరగడమూ పోతుంది. లోపలి పళ్లు ఒకదాన్నొకటి కొరుక్కోవడం మొదలెడతాయి. సుత్తి పట్టినవాడి సంగతి చెప్పక్కర్లేదు. పుల్లర్ అనే లాగుడు పనిముట్టుతో తీయాల్సిన చక్రాన్ని కిందనుంచి బాది షాఫ్టు మరలు చెడగొట్టి, ఇప్పుడు నట్టే ఎక్కట్లేదని నట్టును తిడతాడు.

వీళ్లందరికీ గురువు వెల్డింగ్ స్వామి. చక్రాన్ని షాఫ్టుకే అతికించేస్తాడు, ఇక జన్మలో ఊడదంటాడు. నిజమే, ఊడదు. రేపు షాఫ్టు చుట్టూ ఉండే గొట్టం, అంటే కాలమ్‌లో బుష్ మార్చాలన్నా ఊడదు.

నేను మూత తీశాను. నట్టు వేళ్లతోనే తిరిగింది. పళ్లు బాగానే ఉన్నాయి, అదృష్టం. మాన్యువల్ చెప్పినంత బిగించేసరికి ఆ పైకీ కిందికీ ఊగడం మాయమైంది. ఇంకా బెత్తెడు ఆట మిగిలి ఉంటే కిందికి వంగి చూశాను.

టై రాడ్ ఎండ్ దగ్గర గుంటలున్న నట్టు ఒకటి ఉంటుంది. అది ఊడిపోకుండా అడ్డంగా స్ప్లిట్ పిన్, అంటే దూర్చాక కొసలు విడదీసి వంచే తీగపిన్ను పెడతారు. అక్కడ స్ప్లిట్ పిన్ లేదు. మేకు ఉంది. తుప్పు పట్టి, సగం బయటికొచ్చి, ఏ గతుకులోనైనా రాలిపోవడానికి సిద్ధంగా ఉన్న మేకు.

నవ్వు అక్కడ ఆగిపోయింది. ఆ మేకు రాలి, నట్టు ఊడి, జాయింటు జారితే ఒక టైరు ఎటు పోతుందో ఎవరి చేతిలోనూ ఉండదు. వెనక బరువు తగిలిస్తే ముందు భాగం ఎలాగూ తేలికవుతుంది, ఉన్న పట్టే తగ్గుతుంది. ఆ బండినే రోడ్డెక్కిస్తాడు. మడ్‌గార్డు మీద పిల్లాణ్ణి కూర్చోబెట్టుకుంటాడు! అలవాటైందట. అలవాటైంది నీకురా. ఎదురుగా సైకిల్ మీద వచ్చేవాడికి కాలేదు. వాడికి నీ టక్ ఎప్పుడొస్తుందో తెలీదు, రివర్సులో రెండుసార్లని ఎవరూ చెప్పలేదు. అరచేతిలో పట్టే ఒక పిన్ను కొనడానికి బద్ధకించి, ముక్కూమొహం తెలియని మనిషి ప్రాణాన్ని మేకుకి తగిలించావు. దీనికి అనుభవమని పేరు పెట్టకు.

మేకు పీకేశాను. జాయింటు కూడా వదులుగానే ఉంది, కొత్తది వేసి స్ప్లిట్ పిన్ పెట్టి కొసలు వంచాను. గ్రీజు కొట్టాను. నా పని ఆ పూట కాలేదు, మర్నాటికి వాయిదా పడింది.

సాయంత్రం బండి అప్పగించాను. మిత్రుడు ఎక్కి, అలవాటు ప్రకారం మలుపుకు ముందే తిప్పాడు. బండి వెంటనే తిరిగి నేరుగా కంచెలోకి దూరింది. దిగి వచ్చాడు, ఈసారి స్టీరింగ్ లేకుండా.

"ఏం చేశావురా దీన్ని? ఎటు తిప్పితే అటే పోతోంది" అన్నాడు.