బ్రైసీస్ పక్కన ఏడ్చిన ఆడవాళ్ళు

గ్రీకు పురాణాల్ని ఆడవాళ్ళ వైపు నుంచి మళ్ళీ చెప్పే నవలలు ఈ మధ్య తెగ వస్తున్నాయి, ఇక్కడ పెరిగిన మన అమ్మాయిలు ఎగబడి చదువుతున్నారు, పెద్దవాళ్ళు కొంతమంది మాత్రం "హోమర్ కథని ఇష్టమొచ్చినట్టు మార్చేస్తే ఎలా" అంటున్నారు. నేనైతే ఒప్పుకోను. ఆ తలుపు హోమరే తీసి పెట్టాడు.

ట్రాయ్ యుద్ధం మీద ఆ ప్రాచీన గ్రీకు కవి చెప్పిన కావ్యం ఇలియడ్, దాని పందొమ్మిదో భాగం చూడండి. బ్రైసీస్ బందీ, ఆవిడ భర్తనీ ముగ్గురు అన్నదమ్ముల్నీ పోగొట్టుకున్న యుద్ధంలోనే గ్రీకు వీరుడు అకిలీస్‌కి వాటాగా వచ్చింది, ఆవిడ కోసమే అకిలీస్, గ్రీకు సేనాపతి అగమెమ్నన్ గొడవపడతారు, కావ్యం మొదలయ్యేదే ఆ గొడవతో, అయినా ఆవిడ నోరు విప్పేది ఒక్కసారే, అకిలీస్ ప్రాణస్నేహితుడు పట్రోక్లస్ శవం మీద పడి ఏడుస్తూ. వెంటనే హోమర్ ఒక మాటంటాడు, చుట్టూ ఉన్న ఆడవాళ్ళూ ఏడ్చారట, పేరుకి పట్రోక్లస్ కోసం, నిజానికి ఎవరి బాధ తలుచుకుని వాళ్ళు. అంతే, మళ్ళీ అకిలీస్ దగ్గరికి వెళ్ళిపోతాడు. ఆ ఆడవాళ్ళ పేర్లు కూడా చెప్పడు.

నాకు మంచి రీటెల్లింగ్ అంటే ఆ పేర్లు లేనివాళ్ళ దగ్గర ఆగేది. 2018లో పాట్ బార్కర్ 'ద సైలెన్స్ ఆఫ్ ద గర్ల్స్' లో బ్రైసీస్ చేత కథ చెప్పించి గ్రీకు సైన్యం గుడారాల్లోకి తీసుకెళ్ళింది, మగ్గాలు, ఎలుకలు, జబ్బులు, రాత్రి ఎవరు పిలుస్తారో అన్న భయం, అన్నీ ఉన్నాయి. కానీ సగం దాటాక కథ మళ్ళీ అకిలీస్ మనసులోకి జారుతుంది, అక్కడ నాకు నిజంగా బాధేసింది. హోమర్ ఇంకో కావ్యం ఒడిస్సీలో ఇంకా ఘోరం, ఒడీసియస్ రాజు తన భార్య పెనెలోప్ వెంటపడినవాళ్ళని చంపాక, పన్నెండు మంది దాసీల చేత ఆ శవాలు మోయించి, నెత్తురు కడిగించి, తర్వాత ఉరి తీస్తారు. 2005లో మార్గరెట్ అట్‌వుడ్ 'ద పెనెలోపియాడ్' లో ఆ పన్నెండు మందికీ గొంతు ఇచ్చింది, పెనెలోప్ వాళ్ళని కాపాడలేదన్న సంగతి కూడా దాచలేదు, అందుకే ఆ పుస్తకం నాకు అంత ఇష్టం.

మిగతా చాలావాటితో నా పేచీ ఒక్కటే. ఒక రాణో దేవతో ఒంటరిగా కూచుని తన కథ తను చెప్పుకుంటుంది, పక్కనున్న దాసి మాత్రం నీళ్ళు తెచ్చిచ్చి వెళ్ళిపోతుంది. ఈ విషయంలో మన ఓల్గా గారి 'విముక్త' చాలా ముందుంది, 2015లో సాహిత్య అకాడమీ అవార్డు కూడా వచ్చిందిగా, అందులో సీత శూర్పణఖని కలుస్తుంది, అహల్యని, రేణుకని, ఊర్మిళని కలుస్తుంది, ఆ మాటల్లోనే సీత మారుతుంది. అదీ శూర్పణఖతో, రాముడి కథలో తనకి శత్రువైన మనిషితో!

మన అసోసియేషన్ బుక్ క్లబ్‌లో ఈసారి బార్కర్‌నీ ఓల్గానీ పక్కపక్కన పెట్టి చదువుదాం. తెలుగు చదవడం రాని పిల్లలకి 'విముక్త' ఇంగ్లీషు అనువాదం దొరుకుతుంది, అమ్మలు తెలుగులో, కూతుళ్ళు ఇంగ్లీషులో చదువుకుని రావచ్చు.