29 నిమిషాల 59 సెకన్లు

(జనగామలో మా అత్తగారిల్లు. ఆదివారం రాత్రి, వసారాలో నవారు మంచం. మా బావమరిది దాని మీద కెమెరా సామానంతా పరిచి లెన్సులు తుడుచుకుంటున్నాడు. పెళ్లి వీడియోలు తీసి సంపాదిస్తాడు. ఆ సంపాదనతో ఊళ్లు తిరిగి పాటగాళ్లను, వాద్యగాళ్లను తీసి యూట్యూబ్‌లో ఊరికే పెడతాడు. వాళ్ల అక్క, అంటే మా ఆవిడ, బడిలో తెలుగు టీచరు. వాళ్ల నాన్న, వీళ్లు బాపు అంటారు, ఒగ్గు కథ చెప్పేవాడు. అంటే మల్లన్న, బీరప్ప లాంటి దేవుళ్ల కథలను డోలు, తాళాలతో పాడి చెప్పడం. పోయి ఆరేళ్లయింది. పోయిన వారం తమ్ముడు ఒక ఒగ్గు తాత మీద నాలుగు నిమిషాల వీడియో పెట్టాడు. గొడవ దాని గురించే. నేను మధ్యలో నోరెత్తలేదు. పెళ్లయి పద్నాలుగేళ్లు, ఆ మాత్రం తెలుసు.)

అక్క: తమ్మీ, ఆ తాతను చెరువు గట్టు మీద ఎందుకు నిలబెట్టావు?

తమ్ముడు: సాయంత్రం ఎండ అక్కడ ఏటవాలుగా పడుతుంది. గొంగడి పోగు పోగూ కనబడింది, చూడలేదా?

అక్క: చూశాను. కథ ఎవరికి చెప్తున్నాడు, కొంగలకా? ఒగ్గు కథకు ముందు పట్నం వేయాలి. పసుపు, కుంకుమ పోసి గీసిన ఆ పట్నం ముగ్గు ముందు నిలబడి మల్లన్నకు చెప్తాడు, చుట్టూ ఉన్న జనానికి చెప్తాడు. పక్కన వంతవాళ్లుంటారు. ఒకడు ఊఁ కొడతాడు, ఒకడు ఎదురు ప్రశ్నేసి నవ్విస్తాడు, వెనక డోలు, తాళం. నీ వీడియోలో ఆయన ఒక్కడే, చేతి డమరుకం, ఆ జగ్గు పట్టుకుని ఆకాశంలోకి చూస్తున్నాడు. బాపు ఎప్పుడైనా ఒక్కడే చెప్పాడా?

తమ్ముడు: వంతవాళ్లు ఆ రోజు లేరక్కా. ఇద్దరు హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ వాచ్‌మెన్లు. డోలాయన పత్తి ఏరడానికి పోయాడు. వాళ్లను రప్పిస్తే బస్సు చార్జీ, ఆ రోజు కూలి నేనే ఇచ్చుకోవాలి.

అక్క: ఇచ్చుకో.

తమ్ముడు: ఎక్కడి నుంచి? కొమురవెల్లి జాతర సంక్రాంతికి మొదలై ఉగాది దాకా ప్రతి ఆదివారం. మాఘమాసం పెళ్లిళ్లూ ఆ మధ్యలోనే. ఫంక్షన్ హాల్లో డ్రోన్ ఎగరేస్తే నాలుగు డబ్బులొస్తాయి. డోలు ముందు కూర్చుంటే ఉన్నవి పోతాయి. ఈ ఏడాది మూడు పెళ్లిళ్లు వదులుకుని పోయాను. నువ్వు ఒకటో తారీకు జీతం తీసుకుంటూ గొంగడి గురించి మాట్లాడటం తేలిక.

(ఇది నాకూ తగిలింది. నాదీ ఒకటో తారీకు జీతమే.)

అక్క: జీతం మాట వదిలెయ్. ఎందుకు తీస్తున్నావో చెప్పు.

తమ్ముడు: విన్సెంట్ మూన్ అని ఒకాయన ఉన్నాడు, పారిస్ వాడు. 2006లో బ్యాండ్లను స్టేజీ మీంచి దించి వీధుల్లో, మెట్ల మీద పాడిస్తూ చేతి కెమెరాతో తీయడం మొదలుపెట్టాడు. ఆర్కేడ్ ఫైర్ అనే పెద్ద బ్యాండ్‌ను లిఫ్టులో ఇరికించి పాడించాడు. ఆ తర్వాత అవన్నీ వదిలేసి, వీపున సంచి వేసుకుని దేశాలు తిరుగుతూ పల్లె సంగీతం, పూజల పాటలు తీశాడు. వందల సినిమాలు, అన్నీ నెట్‌లో ఉచితం. చేతిలో ఒక కెమెరా, ఒక మైకు, అంతే. అది చూశాకే ఇలా కూడా బతకొచ్చని తెలిసింది నాకు.

అక్క: లిఫ్టులో పాడినవాళ్లకు మేనేజర్ ఉంటాడు, లాయర్ ఉంటాడు. నచ్చకపోతే తీసెయ్యమంటారు. మన తాతకు నీ వీడియో ఎక్కడుందో కూడా తెలియదు. పైగా ఉచితంగా పెట్టానంటున్నావు. ఉచితంగా ఇవ్వడానికి అది నీదా?

తమ్ముడు: నాది కాదు, ఆయనదీ కాదు. మల్లన్న కథ ఒకరి సొత్తా అక్కా?

అక్క: కథ అందరిదీ. ఆ పూట చెప్పిన గొంతు ఆయనది. నా సొంత మాట కాదిది, చట్టమే చెప్తోంది. 1957 కాపీరైట్ చట్టానికి 1994లో సవరణ చేసి ప్రదర్శించేవాడి హక్కు అని చేర్చారు. ఆ ప్రదర్శన జరిగిన మరుసటి ఏడాది నుంచి లెక్కేసి ఇప్పుడు 50 ఏళ్లు ఉంటుంది ఆ హక్కు. సినిమాలో పెట్టుకోమని రాసిచ్చినా సరే, దాంతో వ్యాపారం చేస్తే రాయల్టీ అడగొచ్చని 2012లో ఇంకో సవరణ తెచ్చారు. తాత దగ్గర కాగితం ఏమైనా రాయించుకున్నావా?

తమ్ముడు: వీడియో మొదట్లో పేరు చెప్పించి, నెట్‌లో పెట్టుకోనా తాతా అని అడిగాను. పెట్టుకో బిడ్డా అన్నాడు. అది కెమెరాలో ఉంది. కాగితం తీస్తే వాళ్లు భయపడతారు. బాపు వేలిముద్ర సంగతి మరిచిపోయావా?

అక్క: మరిచిపోలేదు కాబట్టే అడుగుతున్నా.

(వేలిముద్ర సంగతి ఇది. తొంభైల్లో ఒక క్యాసెట్ కంపెనీ మా మామగారి బృందాన్ని హైదరాబాద్ పిలిపించింది. రాత్రంతా సాగే బీరప్ప కథను గంట క్యాసెట్‌లో, రెండు వైపులా సర్దేయమన్నారు. కాగితం మీద వేలిముద్ర వేయించుకుని, భోజనం పెట్టి, ఐదుగురికీ కలిపి 500 రూపాయలు చేతిలో పెట్టారు. మరుసటి ఏడాది జాతరలో అదే క్యాసెట్‌ను మా అత్తగారు 25 రూపాయలిచ్చి కొన్నారు. అట్ట మీద దేవుడి బొమ్మ, కంపెనీ పేరు ఉన్నాయి. ఆయన పేరు లేదు. ఇప్పుడా క్యాసెట్ కూడా లేదు, బూజు పట్టి టేపు అతుక్కుపోయింది.)

తమ్ముడు: అందుకే నేను అమ్మను. వాళ్లకూ నాకూ అదే తేడా. బాపు గొంతు మన దగ్గర ఉందా? నా ఫోన్లో పదకొండు సెకన్ల బిట్టు, అదీ మందులు తెమ్మని చెప్పింది. ఒగ్గు కథకు అంత పేరు తెచ్చిన చుక్క సత్తయ్య 2017లో పోయాడు. ఆయన లాంటి పెద్దవాళ్లవే మనకు దొరికేవి ముక్కలు ముక్కలు. పేరే లేని బాపులు ఎంతమంది పోయారో లెక్కుందా? నువ్వు హక్కుల కాగితం టైపు చేయించే లోపు ఆ తాత పోతాడు.

(ఇక్కడ మా ఆవిడ లేచి లోపలికి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చింది. దాహం వేసి మాత్రం కాదు.)

అక్క: సరే. పోకముందు తీశావు, మంచిదే. మరి నాలుగు నిమిషాలే ఎందుకు పెట్టావు? మిగతాది ఎక్కడ?

తమ్ముడు: కార్డులో ఉంది. అయినా మొత్తం లేదు. ఈ కెమెరా 29 నిమిషాల 59 సెకన్లకు దానంతటదే ఆగిపోతుంది.

అక్క: అదేం లెక్క?

తమ్ముడు: యూరప్‌లో అరగంట, ఆ పైన రికార్డు చేసేదాన్ని వీడియో కెమెరా కింద కట్టేవాళ్లు. సుంకం ఎక్కువ పడేది. అందుకని ఫొటో కెమెరాలు చేసే కంపెనీలు ఒక సెకను ముందే ఆగేట్టు చేశాయి. కొత్త మోడళ్లలో తీసేశారు. నాది పాతది.

అక్క: ఎక్కడి సుంకమో, మన మల్లన్న కథ మధ్యలో ఆగిందన్నమాట. ఏ ఘట్టంలో ఆగింది?

తమ్ముడు: మల్లన్న భార్య మేడలమ్మ ఉంది కదా, తాత ఆమె ఘట్టానికి వచ్చాడు... తెరలో ఎర్రచుక్క ఆరిపోయింది, నేను చూసుకోలేదు. మైకు గొడవలో ఉన్నా. కాలరు మైకు గొంగడికి రాసుకుని గరగరమంటోంది, దూది చుట్టినా పోవట్లేదు. చూసుకునేసరికి ఏడు నిమిషాలు పోయాయి.

అక్క: మళ్లీ చెప్పమని అడగలేదా?

తమ్ముడు: అడిగాను. దేవుడి కథ తాతా, ఆ ఏడు నిమిషాలు మళ్లీ చెప్పు అంటే నవ్వాడు. రాత్రంతా చెప్తా, పట్నం వేయించి, వంతవాళ్లను పిలువు అన్నాడు.

అక్క: అదే కదా ఇందాకటి నుంచి నేను మొత్తుకుంటున్నది!

తమ్ముడు: రాత్రంతా అంటే ఏమిటో తెలుసా? ఫోర్ కేలో గంటకు 45 జీబీ. ఆరు గంటలకు 270. ఇంకో కాపీ ఉండాలి కాబట్టి 540. హార్డ్ డిస్క్, బ్యాటరీలు, ఐదుగురి కూలి. పైగా ఆరు గంటల వీడియో పెడితే ఎవరు చూస్తారు? నాలుగు నిమిషాలది చూసి పెంబర్తి దగ్గర ఒక పిల్లాడు జగ్గు దరువు నేర్చుకుని నాకు వాయిస్ మెసేజ్ పెట్టాడు. దానికేమంటావు?

అక్క: పిల్లాడి సంగతి బాగుంది. మరి ఎన్నికలప్పుడు నీ పాత వీడియోలోని డోలు తీసుకుని ఎవడో పార్టీవాడు తన రీలు కింద అతికించుకున్నాడే, అదీ ఉచితమే కదా? ఆ డోలాయన ఊళ్లో నువ్వు వాళ్ల పార్టీలో చేరావా అని అడిగారట. ఆయన నీకు చెప్పుకోలేదు, అమ్మకు చెప్పాడు.

తమ్ముడు: ...నాకు తెలియదు.

అక్క: నీకెలా తెలుస్తుంది, తీసిన ఊరికి మళ్లీ పోవు కదా. 1938లో ఆర్నాల్డ్ బేకే అనే డచ్చాయన దక్షిణాది పల్లెలు తిరిగి పాటలు రికార్డు చేసుకుపోయాడు. తర్వాత అవి లండన్ చేరాయి. 1984లో నజీర్ జైరజ్‌భాయ్ అనే సంగీత పరిశోధకుడు, ఆయన భార్య అమీ క్యాట్లిన్ ఆ రికార్డులు పట్టుకుని ఆ దారినే మళ్లీ వచ్చారు. పాడినవాళ్లు, వాళ్ల పిల్లలు ఎక్కడున్నారో వెతికి వినిపించారు. 46 ఏళ్లు పట్టింది తిరిగి రావడానికి. నువ్వు ఎన్నేళ్లకు పోతావు?

తమ్ముడు: పోతే వాళ్లకేం ఒరుగుతుంది? కిన్నెర మొగులయ్య గారిని తీసుకో. టీవీలు, కెమెరాలు ఆయన దాకా వెళ్లబట్టే పన్నెండు మెట్ల కిన్నెర అంటే ఏమిటో మనకు తెలిసింది. పెద్ద హీరో సినిమాలో పాడాడు, 2022లో పద్మశ్రీ వచ్చింది. కెమెరా లేకపోతే ఇవన్నీ జరిగేవా?

అక్క: 2024లో ఆయన కూలిపనిలో ఉన్న ఫొటో పేపర్లలో వచ్చింది. అదీ కెమెరాతో తీసిందే.

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఈ మాటకు అక్క గెలిచిందని అనుకునేరు. నాకైతే అలా అనిపించలేదు. ఆ ఫొటో కూడా రాకపోతే మనకు ఆ మాత్రమూ తెలిసేది కాదు. కానీ ఈ సంగతి నేను ఇక్కడ రాస్తున్నాను గానీ అక్కడ అనలేదు.)

తమ్ముడు: నన్నేం చేయమంటావు? మానెయ్యనా?

అక్క: మానెయ్యమని ఎప్పుడన్నాను? వీడియో చివర 'చిత్రీకరణ, దర్శకత్వం' అని నీ పేరు ఇంత పెద్దగా పడుతుంది. తాత పేరు కింద చిన్నక్షరాల్లో, అదీ ఇంగ్లీషులో. ముందు అది తిప్పు.

తమ్ముడు: నా పేరు చూసే పెళ్లి ఆర్డర్లొస్తాయి. చిన్నది చేయను. ఆయనది కూడా పెద్దగా వేస్తా, తెలుగులో వేస్తా.

అక్క: వంతవాళ్లవి?

తమ్ముడు: వాళ్లు వీడియోలో లేరుగా!

అక్క: వచ్చే ఆదివారం వాళ్లను రప్పించు. కూలి నేనిస్తా.

తమ్ముడు: వచ్చే ఆదివారం హన్మకొండలో పెళ్లి ఉంది. అడ్వాన్స్ తీసుకున్నా.

అక్క: ఆ పైది?

తమ్ముడు: ఆ పైది... ఖాళీనే. కానీ ఆరు గంటలు కూర్చోను, ముందే చెప్తున్నా. అరగంటకోసారి మీట నొక్కుతూ తెల్లారేదాకా ఎవరుంటారు?

అక్క: మీ బావ ఉంటాడు.

(నేను తల ఊపాను. ఏం చేస్తాం.)

అక్క: పోయేటప్పుడు ఆ 30 నిమిషాలదీ ఆయనకు ఇచ్చెయ్. పెన్‌డ్రైవ్‌లో వేసి.

తమ్ముడు: ఆయనకు టీవీ లేదు. కీప్యాడ్ ఫోన్ ఉంది, అందులో చిన్న కార్డు పడుతుంది. ఫోర్ కే ఫైల్ దాంట్లో ఆడదు.

అక్క: ఏది ఆడుతుంది?

తమ్ముడు: త్రీజీపీ. బొమ్మ మసక మసకగా ఉంటుంది. ఆ ఎండ, ఆ గొంగడి ఏమీ కనబడవు.

అక్క: గొంతు వినబడుతుందా?

తమ్ముడు: వినబడుతుంది.

అక్క: లాప్‌టాప్ ఇటివ్వు. ఎలా మార్చాలో చూపించు.