వెనక కుడి చక్రంగారికి

అయ్యా,

మీరు క్షేమమని తలుస్తాను. తలవడమే, నమ్మడం మానేసి చాలా కాలమైంది.

కారు మలుపు తిరిగినప్పుడల్లా మీరు టిక్కు టిక్కుమంటూ వచ్చారు. పక్కసీట్లోంచి మా ఆవిడ "ఇందులో గడియారం ఎక్కడుందండీ?" అని అడిగింది. "పాత కారు కదా, అలాగే ఉంటుంది" అన్నాను. వింటేజ్ కార్ల పిచ్చివాళ్ళం ఏ జబ్బుకైనా ఇచ్చే మందు ఈ ఒక్క మాటే.

ఇంజనుకు కోపమొస్తే పొగ వదులుతుంది. రేడియేటర్ అలిగితే నేలంతా తడుపుతుంది. వాటితో బతకొచ్చు. మీరు మాత్రం, కర్ర చక్రం కదా, వార్నిష్ పూసుకుని పెళ్ళిచూపులకు కూర్చున్నట్టు కూర్చుంటారు. పైన పటారం, లోన లొటారం. పైగా విరిగిన రోజున ముందుగా చెప్పలేదని మిమ్మల్ని అనడానికీ ఉండదు. ఆ టిక్కు చెప్పింది అదేగా.

మీ వంశం గొప్పదే, కాదనను. ఫిరంగి బండ్ల కింద తిరిగిన వంశం కాబట్టే మిమ్మల్ని ఆర్టిలరీ చక్రం అన్నారు. బండి చక్రానికైతే ఆకులు, అంటే స్పోకులు, నడిమి కుండకు తొలిచిన తొర్రల్లోకి దిగుతాయి. మీకు ఆ తొర్రలే లేవు. ఆకుల మొదళ్ళను కేకు ముక్కల్లా ఏటవాలుగా చెక్కి, ఒకదాని భుజాన్ని ఒకటి ఒరుసుకునేలా చుట్టూ పేర్చి, రెండు ఇనుప పళ్ళేల మధ్య పెట్టి బోల్టులు బిగించారు. ఒకరినొకరు తోసుకుంటూ నిలబడే ఉమ్మడి కుటుంబం మీది. ఒకడు చిక్కిపోయాడంటే పక్కవాడికీ పట్టు పోతుంది. ఫోర్డు మోడల్ టీ 1908 నుంచి 1927 దాకా కోటిన్నరకు పైగా తయారైతే, అందులో ఎక్కువ కార్లను మోసింది మీ బంధువులే, చక్రానికి 12 హికరీ ఆకుల చొప్పున. గొడ్డలి పిడికి కూడా ఏరికోరి వేసే కర్ర అది. దెబ్బకు బెదరదు. ఎండకు మాత్రం బెదురుతుంది.

ఇక్కడే నేను పప్పులో కాలేశాను. కర్ర ఆరితే పొడవు తగ్గుతుందనుకున్నాను. కొలిచి చూస్తే ఆకు పొడవు ఉన్నంతే ఉంది. కర్ర నిలువునా తగ్గేది దాదాపు ఏమీ ఉండదని, అడ్డంగా చిక్కిపోతుందని నాకు తర్వాత తెలిసింది. మొదళ్ళ దగ్గర ఆకులు చిక్కితే వాటి మధ్య సందు పుడుతుంది. ఆ సందులోకి ఆకు లోపలికి జారితే పైన పూటీ దగ్గర, అంటే చక్రం చుట్టూ ఉండే కర్ర అంచు దగ్గర, ఇంకో సందు. అలా మీ ఆకు ఒకటి ఆకుకు అందక, పోకకు పొందక వేలాడుతుంటే నేను దాని మీద పాలిష్ పెడుతున్నాను.

ఆ తర్వాత నేను మీకు చేసిన వైద్యం గురించి కూడా చెప్పుకోవాలి, క్షమించండి. ఎవరో చెప్పారని మిమ్మల్ని రాత్రంతా నీళ్ళ తొట్టిలో పడుకోబెట్టాను. పొద్దున చూస్తే రాయిలా బిగిసి ఉన్నారు. అంత సంతోషం ఈ కారు కొన్న రోజున కూడా పడలేదు. వాపు చూసి బలుపనుకోవడమంటే ఏమిటో చిన్నప్పటి నుంచీ వింటున్నా, నా చేత్తో నేనే చేసి చూసింది అప్పుడే. ఉబ్బిన కర్ర ఎటూ పోలేక ఇనుముకు నొక్కుకుని, దాని నార నలిగిపోయింది. నలిగింది మళ్ళీ లేవదు. ఆరాక మీరు మునుపటికన్నా వదులయ్యారు. పైగా ఆ నీళ్ళు పూటీకీ ఇనుప పట్టీకీ మధ్య దాక్కుని తుప్పు పట్టించాయి. అంతటితో బుద్ధి రావాలా? అవిసె నూనె పట్టించాను. అదీ నిలవలేదు. చివరికి సందుల్లో ఎపాక్సీ జిగురు కూరాను. మీరు కదులుతుంటే అది పెంకులా పగిలి రాలింది.

నాకన్నా ముందు మిమ్మల్ని ఏలినవారు ఇంకా తెలివైనవారు. ఆయన పెయింటు వేశారు. గీకితే ఒక పొర, దాని కింద ఇంకో పొర, దాని కింద లప్పం, లప్పం కింద మీ నిజమైన మొహం. బోల్టు రంధ్రాల చుట్టూ నల్లటి మరక, గుండ్రంగా ఉండాల్సిన రంధ్రాలు కోలగా సాగిపోయాయి. వెనక చక్రం కదా, పాపం. ముందు చక్రాలు బరువు మోసి దొర్లితే చాలు. మీకు మాత్రం బ్రేకు డ్రమ్మును తెచ్చి ఆకులకే బోల్టులతో తగిలించారు. కారును తోయాలన్నా ఆ కర్ర ముక్కల మీదుగానే, ఆపాలన్నా వాటి మీదుగానే.

చివరికి ఒక వడ్రంగి పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన మిమ్మల్ని జాకీ మీద లేపించి, పైనా కిందా పట్టుకుని ఊపాడు. తర్వాత పక్కలు పట్టుకుని ఊపాడు. చిన్న సుత్తితో ఒక్కో ఆకునీ తట్టాడు. తొమ్మిది టంగుమన్నాయి, మూడు దబ్బుమన్నాయి. "బాబూ, దీనికి ఎన్నాళ్ళ నుంచి నీళ్ళు తాగిస్తున్నావు?" అన్నాడు. నేను చెప్పలేదు, కర్ర చెప్పినట్టుంది.

ప్రస్తుతం మీరు బల్ల మీద ముక్కలుగా ఉన్నారు కాబట్టి ఈ ఉత్తరం కుండకు రాస్తున్నానో పూటీకి రాస్తున్నానో నాకే తెలియదు. మూడు మార్చి తొమ్మిది ఉంచడానికి ఆయన ఒప్పుకోలేదు. పాతవి కొత్తవాటికి సమంగా బరువు పట్టవట. నార తిన్నగా ఉన్న కర్రను ఏరి, కొత్త ఆకులు చెక్కుతున్నాడు. వాటిని ముందు గొడుగులా ఎత్తుగా పేర్చి, ప్రెస్సు కింద పెట్టి నడుమను చదునుగా దిగేదాకా నొక్కుతారు. ఆ బిగువే మీ ప్రాణం. ఏ జిగురూ దానికి సాటి రాదు.

కార్ల షోలో కలిసే మిత్రుడొకాయన అప్పుడే పరామర్శకు వచ్చి "ఒరిజినల్ ఆకులు తీసేస్తున్నారా!" అని నిట్టూర్చాడు. ఆయన కారుకు ఒరిజినల్ ఆకులే. అందుకే ఆయన దాన్ని షోకి ట్రెయిలర్ మీద తెస్తాడు.

నిన్న పెద్దాయన చేతులు తుడుచుకుంటూ "మిగతా మూడు చక్రాలూ తట్టి చూశావా?" అన్నాడు. సాయంత్రం షెడ్డుకు వెళ్ళి సుత్తి తీసుకుని ఎడమ చక్రం ముందు కూర్చున్నాను. వార్నిష్ తళతళా మెరుస్తోంది. కాసేపు చూసి, సుత్తి పక్కన పెట్టి, గుడ్డతో తుడిచి వచ్చేశాను.

ఇట్లు,
మీ యజమాని